పన్నెండు పుట్టినరోజులు

జోగినాథం మాస్టారు చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నారు. ఒడిలో పాత పేపరు, కుడి పక్కన కాయల పళ్ళెం, ఎడమ పక్కన ఈనెలకు చిన్న గిన్నె. కూర ఏదైనా సరే, కత్తిపీట ఎక్కే ముందు పని ఆయనది, ఎక్కిన తరవాత పని కూతురు అరుంధతిది. భార్య పోయాక నీలాటివలస వదిలి కూతురి దగ్గరికి వచ్చేసినప్పుడు ఇద్దరి మధ్యా కుదిరిన ఒప్పందం అది. డెబ్భై ఆరేళ్ళ మనిషి. ఒకే ఊళ్ళో ఒకే బడిలో ముప్పై ఎనిమిదేళ్ళు సుద్దముక్క పట్టిన చేతులు, ఊరికే ఉండమంటే ఉండవు.

అరుంధతి యూనిఫారం చీర ఇస్త్రీ చేసుకుంటూ, తమ ఆఫీసుకు వచ్చిన కొత్త యంత్రం సంగతి చెబుతోంది. సముద్రం ఒడ్డున కట్టిన విమానాశ్రయంలో, విదేశాలకు వెళ్ళేవాళ్ళ కాగితాలు చూసి పంపే ఉద్యోగం ఆమెది. పాస్‌పోర్టు, వీసా, తిరుగు టికెట్టు అన్నీ చూసి ఆమె సరేనంటేనే మనిషి లోపలికి వెళ్ళేది. అది పోలీసుల పని అనుకుంటారు చాలామంది. కాదు. లోపల కూర్చున్న ఇమిగ్రేషను అధికారులు మనిషి ఈ దేశం దాటి వెళ్ళవచ్చా అన్నదే చూస్తారు. అవతలి దేశం దిగనిస్తుందా లేదా అన్నది ముందే చూసుకోవలసిన బాధ్యత తీసుకెళ్ళే విమాన సంస్థది. అక్కడ వద్దంటే వెనక్కి మోసుకురావలసిందీ, జరిమానా కట్టవలసిందీ సంస్థే. ఆ సంస్థ ఎక్కడో అద్దాల మేడలో ఉంటుంది. కౌంటరు దగ్గర నిలబడ్డ ప్రయాణికుడికి మాత్రం సంస్థ అంటే అరుంధతే.

"పేరు మార్చుకోవచ్చు, మొహం మార్చుకోవచ్చు, వేలిముద్రలైనా అరగదీసుకోవచ్చు నాన్నా. పుట్టినరోజు మాత్రం ఎవరూ మార్చుకోలేరు. ఆ పెట్టెలో కన్ను పెట్టి రెండు ఊపిర్లు తీసేలోగా ఫలానా రోజు పుట్టావని చెప్పేస్తుంది."

"రోజుతో సహానా?"

"అటూ ఇటూ ఒక్క రోజు."

మాస్టారికి ముచ్చటేసింది. మనిషి ఎంత తెలివైనవాడని మెచ్చుకున్నారు. ఇంకో నాలుగు కాయలకు ఈనెలు తీశాక, తల ఎత్తకుండానే అడిగారు.

"మరి కాగితంలో ఒకటీ, కంట్లో ఒకటీ ఉంటే?"

ఏడాది లోపు తేడా ఐతే ఫరవాలేదనీ, ఏడాది దాటితే దొంగ కాగితం కిందే లెక్కనీ, సముద్రం అవతలి దేశాలన్నీ కలిసి అలా తీర్మానించాయనీ, తమ దగ్గర గురువారం నుంచి అమలనీ అరుంధతి చెప్పింది.

"పైడమ్మా వాళ్ళ విమానం ఎప్పుడు?"

"గురువారమే."

పైడమ్మ నీలాటివలస ఆడవాళ్ళ తప్పెటగుళ్ళ బృందానికి పెద్ద. గుండ్రటి రేకు గుళ్ళు రొమ్ముకు కట్టుకుని, వాటిని వాయిస్తూ ఎగిరి ఆడే ఆ ఆట తరతరాలుగా మగవాళ్ళది. ముప్పై ఏళ్ళ కిందట పైడమ్మ, మొగుడి గుళ్ళు తీసి తన రొమ్ముకు కట్టుకుంది. ఊరు నవ్వింది. తరవాత చూసింది. ఆ తరవాత జాతరకు ఆ పన్నెండుగురు ఆడవాళ్ళు లేకపోతే జాతరే కాదనే దాకా వచ్చింది. తాతముత్తాతల నాడు మారిషస్‌కు చెరకు తోటల పనికి వెళ్ళిపోయిన తెలుగువాళ్ళ మనవలు, తమ ఉత్సవంలో ఆడమని ఇప్పుడు వాళ్ళని పిలిచారు. నీలాటివలస నుంచి సముద్రం దాటబోయే మొదటి మనుషులు వాళ్ళే.

అరుంధతి ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి తండ్రి వైపు చూసింది. మాస్టారు ఈనెలను పళ్ళెంలో వేసి, కాయలను చెత్తగిన్నెలో వేస్తున్నారు.

*

కార్గో షెడ్డు పక్కనున్న గాజుగదిలో పెట్టారు యంత్రాన్ని. కుట్టుమిషనంత ఉంటుంది. ముందు వైపు కన్ను ఆనించడానికి గుండ్రటి గాజు, పైన చిన్న తెర. 'జన్మనేత్రం' అని దాని మీద రాసి ఉంది గానీ, తెచ్చిన రెండో రోజుకే అందరూ కంటిపెట్టె అనడం మొదలుపెట్టారు.

దాన్ని తయారుచేసిన డాక్టర్ ప్రభుదాసు స్వయంగా వచ్చి నేర్పుతున్నాడు. చేపల వయసు తెలుసుకుందామని పదకొండేళ్ళ కిందట రేవులో తలకాయలు కొనుక్కుని మొదలుపెట్టిన పని ఇది. ఇప్పటికీ ఆయన చొక్కాలను భార్య విడిగా ఉతుకుతుందట.

"కంట్లో కటకం నడిమి భాగం తల్లి కడుపులోనే తయారైపోతుందమ్మా," అంటూ ఆయన లగేజీ సూపర్వైజరు తలను మెల్లిగా గాజుకు ఆనించాడు. "ఒంట్లో మిగతావన్నీ పాతవి పోయి కొత్తవి వస్తుంటాయి. అది మాత్రం పోయేదాకా అదే. అందులోని ప్రొటీను ఏళ్ళు గడిచేకొద్దీ ఒక లెక్కలో మెలి తిరుగుతూ ఉంటుంది. వెలుతురు పంపి ఆ మెలికలు లెక్కపెట్టడమే. రెప్ప వెయ్యకండి సార్."

తెర మీద తేదీ వచ్చింది. సూపర్వైజరు అనుకున్నదానికంటే పదకొండు నెలలు చిన్నవాడు. రిటైరుమెంటు ఇంకా దూరం ఉందన్నట్టు ఆయన అక్కడికక్కడే మీసం దువ్వుకున్నాడు. ఆ తరవాత గదంతా పెళ్ళిసందడి. కాంటీను ఆవిడ పొయ్యి మీద పాలు వదిలేసి వచ్చింది. డ్యూటీ మేనేజరు రమణమూర్తికి మాత్రం తేడా ఒక్కటే రోజు. కానీ ఆయన జాతకాల మనిషి. ఇంటికి ఫోను చేసి, వాళ్ళమ్మను అడిగి, పెట్టె చెప్పిందే నిజమని తేల్చుకుని కుర్చీలో కూలబడ్డాడు.

"ఏడున్నరేళ్ళు నూనె దీపాలు పెట్టానండీ. పక్కవాడి శనిని నేను మోశానన్నమాట," అన్నాడు.

అందరూ కడుపుబ్బ నవ్వారు. అరుంధతీ నవ్వింది. సందడి తగ్గాక ప్రభుదాసును పక్కకు పిలిచి, కాగితమూ పెట్టె రెండూ రెండు రకాలుగా చెబితే ఎవరి మాట చెల్లుతుందని అడిగింది. పెట్టె తేదీ చెబుతుందే గానీ మనిషి మంచివాడో కాడో చెప్పదనీ, తేల్చుకోవలసింది విమాన సంస్థ అనీ ఆయన అన్నాడు. రమణమూర్తిని అడిగితే పెట్టె ఎంతంటే అంతే, మనకెందుకొచ్చిన పీకులాట అన్నాడు. ఇమిగ్రేషను అధికారిని అడిగితే, మీరు పంపితేగా మా దాకా వచ్చేది అన్నాడు. బాధ్యత పెళ్ళి భోజనాల్లో గంటెలాగ చేతులు మారుతూ వచ్చి చివరికి ఆమె ముందే ఆగింది.

మధ్యాహ్నం అన్నం తింటూ ఆమె సూచనల పుస్తకం మొదటి నుంచి చివరి దాకా చదివింది. ఇరవయ్యేడో పేజీలో, ప్రతి ప్రయాణికుడి తనిఖీ పత్రంలోనూ ఉండే ఒక గడి సంగతి కనిపించింది. తేడాకు కారణం తెలుసుకుని తృప్తిపడిన తనిఖీదారు, ఆ కారణం రాసి, తన పేరుతో సంతకం చేసి ప్రయాణికుణ్ణి పంపవచ్చు; ఆ తరవాత బాధ్యత తనిఖీదారుదే. రమణమూర్తికి చూపించింది.

"అదా? వేరే ఊళ్ళల్లో ఆరు నెలల నుంచీ ఈ పెట్టెలున్నాయి. ఒక్కడూ ఆ గడిలో కలం పెట్టలేదు," అన్నాడాయన. "రైల్లో గొలుసు ఉండదూ? ఉందని లాగుతామా?"

*

ఆ సాయంత్రం ఇంటికి వచ్చేసరికి, రోజూ ఆ వేళకు మోగే మాస్టారి రేడియో మోగడంలేదు. అరుంధతి కాళ్ళు కడుక్కుని తండ్రి ఎదురుగా కూర్చుంది.

"పైడమ్మత్తా వాళ్ళ పాస్‌పోర్టు నకళ్ళు చూశాను నాన్నా. పన్నెండు మందీ జూన్ ఒకటినే పుట్టారు."

"వాళ్ళు నా బళ్ళో పుట్టారమ్మా," అన్నారు మాస్టారు.

తరవాత నెమ్మదిగా చెప్పుకొచ్చారు. ఆయన బడిలో చేరినప్పుడు ఇరవై రెండేళ్ళ కుర్రాడు. పుట్టినరోజు కాగితం ఏ పిల్లకూ ఉండేది కాదు. జూన్‌లో బడి తెరుస్తారు గనక, అందరికీ జూన్ ఒకటి రాయడం ఆ రోజుల్లో మాస్టార్లందరి పద్ధతీ. అందులో వింతేమీ లేదు. ఆయన చేసింది దాని మీద ఇంకొకటి. ఆ ఊళ్ళో ఆడపిల్లను ఎనిమిదేళ్ళు దాటాక, ఇంట్లో చంటిపిల్లలను చంకనేసుకునే పని తీరాక, అప్పుడు బడికి తెచ్చేవారు. పన్నెండో ఏడు రాగానే సంబంధాలు మొదలు. అందుకని ఆయన ఎనిమిదేళ్ళ పిల్లకు అయిదేళ్ళని రాసేవారు. ఆ పిల్ల పెళ్ళి మాట వినగానే రిజిస్టరు చంకన పెట్టుకుని మండలాఫీసుకు పోయి, చూడండి, ఈ పిల్లకింకా వయసు రాలేదని కూర్చునేవారు. ఒక్కొక్క పిల్లకూ అలా మూడేళ్ళ చదువు సంపాదించి పెట్టారు.

"తప్పు పని అనుకుని చెయ్యలేదు. ఇప్పటికీ అనుకోను. కానీ వాళ్ళు పన్నెండు మందే కాదమ్మా, మూడు వందల పైచిలుకు ఉన్నారు. ఒకత్తి అంగన్‌వాడీ, ఒకత్తి నర్సు, ఒకత్తి పోలీసు. వాళ్ళందరి కాగితాలూ నా చేతిరాత మీద నిలబడ్డాయి. మాస్టారు దొంగ తేదీలు రాశాడని బయటికొస్తే ఏ ఆఫీసువాడు ఎవరిని పిలిచి ఏమడుగుతాడో."

ఆయన ఒళ్ళోని కండువా మడత పెట్టారు.

"నువ్వు చెయ్యాల్సింది నువ్వు చెయ్యి. నా పేరు మాత్రం రానియ్యకు తల్లీ."

ఇన్నేళ్ళలో తండ్రి తల దించుకుని ఒక మాట అడగడం అరుంధతి చూడలేదు. సరేనంది. వాళ్ళని పంపుతావా ఆపుతావా అని ఆయన అడగలేదు, ఆమె చెప్పలేదు. చెప్పడానికి ఆమెకూ తెలియదు.

*

గురువారం మధ్యాహ్నం రెండింటికి పన్నెండుగురూ దిగారు. అందరివీ ఎర్రంచు ఆకుపచ్చ చీరలు, అందరి జడల్లోనూ కనకాంబరాలు. రేకు గుళ్ళను పెట్టెల్లో సర్దమంటే సర్దక, గుడ్డ సంచుల్లో పెట్టి మెడకు తగిలించుకున్నారు. కౌంటరు ముందు వరసలో నిలబడ్డవాళ్ళంతా వెనక్కి తిరిగి చూశారు.

"ఏటి పాపా, ఇందల కన్నెట్టాలా?" అంది పైడమ్మ, అందరికంటే ముందు నిలబడి.

కౌంటరు మీదికి మార్చిన కంటిపెట్టె గాజును అరుంధతి చూపించింది. తెర మీద ఎర్ర గీత వచ్చింది. కాగితానికీ కంటికీ మూడేళ్ళ రెండున్నర నెలల తేడా. తరవాత సన్యాసమ్మ కన్ను పెట్టింది. తెర మీద అంకెలే రాలేదు, చుక్కలు వచ్చాయి. పక్కనే కూర్చున్న ప్రభుదాసు కంగారుగా లేచాడు. ఆ కంటికి శుక్లాల ఆపరేషను అయిందేమోనని, అసలు కటకం తీసేశారేమోనని అడిగాడు. అవునంది సన్యాసమ్మ.

"అయితే దీని లెక్కన ఇది ఇంకా పుట్టనేదు," అంది పైడమ్మ. "ఓలమ్మా, పుట్టనిదాన్ని ఎంటేసుకుని యింతదూరం వచ్చీసినాను."

వరసంతా నవ్వింది. సన్యాసమ్మ రెండో కన్ను పెట్టింది. ఎర్ర గీత. మూడో మనిషి, నాలుగో మనిషి, పన్నెండో మనిషి. పన్నెండు ఎర్ర గీతలు. నవ్వులు ఒకటొకటిగా ఆగిపోయాయి. రమణమూర్తి వచ్చి తెర చూసి, అరుంధతి చెవి దగ్గర ఇంగ్లీషులో, వీళ్ళని పక్కన కూర్చోబెట్టి వెనక్కి పంపించెయ్యమన్నాడు.

పైడమ్మకు ఇంగ్లీషు రాదు గానీ మొహాలు చదవడం వచ్చు. "ఏటయ్యింది పాపా? మమ్మల్నెల్లనివ్వరా?" అని అడిగింది. ఆ అడగడంలో కోపం లేదు. జాతరలో వాన మొదలైతే ఆట ఆపాలా అని పెద్దవాళ్ళను అడిగినట్టు అడిగింది.

అరుంధతి గోడ మీద గడియారం చూసింది. విమానానికి ఇంకా మూడు గంటలుంది. పక్క కౌంటరు అమ్మాయికి తన వరస అప్పగించి, పన్నెండు మందినీ కిటికీ వైపు బెంచీల మీద కూర్చోబెట్టి, తను చిన్న కంప్యూటరూ తనిఖీ పత్రాలూ ఒళ్ళో పెట్టుకుని వాళ్ళ ఎదుట మెట్టు మీద కూర్చుంది.

"అత్తా, నువ్వెప్పుడు పుట్టావో మీ అమ్మ ఎప్పుడైనా చెప్పిందా?"

"సెప్పకేటి. ఉగాది నాడు. మాయమ్మ యాపపువ్వు కోయడానికి నిచ్చెనెక్కితే నొప్పులొచ్చినాయట. దిగీసరికి నాను."

అరుంధతి పెట్టె చెప్పిన తేదీ చూసింది. మార్చి పదిహేడు. కంప్యూటర్లో ఆ ఏటి పంచాంగం తెరిచింది. ఆ ఏడు ఉగాది సరిగ్గా మార్చి పదిహేడునే వచ్చింది. ప్రభుదాసు ఆమె భుజం మీదుగా వంగి చూసి, తన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

సన్యాసమ్మను అడిగితే, ఆవిడ సూర్యగ్రహణం నాడు పుట్టిందట. పట్టపగలు చీకటి పడి కోళ్ళు గూళ్ళలోకి పోతే, తలుపులు మూసుకుని చీకట్లో కన్నదట వాళ్ళమ్మ. అందుకే నల్లగా ఉన్నానని చిన్నప్పుడు ఏడిపించేవారంది. పెట్టె చెప్పిన తేదీ ఫిబ్రవరి పదహారు. సంపూర్ణ సూర్యగ్రహణం కూడా ఆ రోజే.

అక్కడ ఒక చిక్కు వచ్చిపడింది. పైడమ్మ వేళ్ళు మడిచి లెక్కపెడుతోంది. గ్రహణం అమావాస్య. దాని తరవాతి అమావాస్య దాటితే ఉగాది.

"అంటే నీకన్నా నాను నెల్లాళ్ళు పెద్దదాన్నా?" అంది సన్యాసమ్మ, అదే లెక్క ముందుగా తేల్చి. ఆరేళ్ళప్పుడు అమ్మమ్మగారి ఊరికి వచ్చిన పిల్ల ఆవిడ. బడిలో పైడమ్మ ముందు చేరింది గనక ఆమే పెద్దదనుకుని, అర్ధ శతాబ్దం నుంచీ అక్కగా ఎంచి అప్పా అని పిలుస్తోంది. "యాభయ్యేళ్ళు అప్పా అప్పా అని నీ గుళ్ళు నాను మోసినాను. ఇకమీదట నువ్వు మొయ్యి."

"మోస్తాన్లే అప్పా," అంది పైడమ్మ.

బెంచీలన్నీ గలగలమన్నాయి. ఇక ఆగింది లేదు. ఒకరి తరవాత ఒకరు తమ పుట్టుక చెప్పారు. పెద్ద తుపానుకు గోడ కూలిన మర్నాడు ఒకరు, మేనత్త పెళ్ళిలో తాళి కట్టే వేళకు ఒకరు. వాళ్ళ అమ్మలు చెప్పిన మాటకీ కంట్లో ఉన్న తేదీకీ ఎక్కడా మూడు రోజులకు మించి తేడా రాలేదు. ప్రతి మాటా అరుంధతి ఎవరి పత్రంలోని గడిలో వారిది రాసుకుంటూ వచ్చింది. వెళ్ళే ప్రయాణికులు కొందరు సామాను పక్కన పెట్టి నిలబడి వింటున్నారు.

చివర ఎర్నమ్మ మిగిలింది. బృందంలో అందరికంటే బాగా ఎగిరేది, అందరికంటే తక్కువ మాట్లాడేది ఆవిడే.

"నాకు సెప్పినోళ్ళు నేరు పాపా," అంది. "నాను బూమ్మీద పడగానే మాయమ్మ పోనాది. తల్లిని మింగి పుట్టినాదనే మా సవితి తల్లి నన్ను పిలిసీది."

అరుంధతి కలం పక్కన పెట్టి, ఏం చెప్పినా ఫరవాలేదు, అమ్మ గురించి ఏం తెలిస్తే అది చెప్పమంది. ఎర్నమ్మ ఆలోచించింది. అమ్మ తద్దినం కార్తీక పున్నమికి పెట్టేవారనీ, ఆ రోజు ఊరంతా దీపాలు పెడుతుంటే తమ ఇంట్లో మాత్రం పిండం పెట్టేవారనీ చెప్పింది.

పెట్టె చెప్పిన తేదీ అక్టోబరు ఇరవై ఆరు. అరుంధతి పంచాంగం తిప్పింది. ఆ ఏడు కార్తీక పున్నమి నవంబరు నాలుగు. ఆమె ఒకసారి కాదు, మూడుసార్లు చూసుకుంది. ప్రభుదాసును పిలిచి, పెట్టె తొమ్మిది రోజులు తప్పుతుందా అని అడిగింది. ఆయన పక్కకొచ్చి లెక్క చూసి, తప్పదన్నాడు. ఒక్క రోజు, మహా ఐతే రెండు. తొమ్మిది ఎన్నటికీ కాదు.

"అత్తా, మీ అమ్మ నువ్వు పుట్టగానే పోలేదు. దీపావళి వెళ్ళిన ఆరో రోజున నువ్వు పుట్టావు. పున్నమికి ఆవిడ పోయింది. మధ్యలో తొమ్మిది రోజులు ఉంది."

ఎర్నమ్మ అర్థంకానట్టు చూసింది. పైడమ్మ ఆవిడ పక్కకు జరిగి చెయ్యి పట్టుకుంది.

"తొమ్మిది రోజులు నన్నెత్తుకున్నాదా?" అని అడిగింది ఎర్నమ్మ.

"ఎత్తుకునే ఉంటుంది."

"పాలిచ్చుంటాది."

"ఇచ్చే ఉంటుంది అత్తా."

ఎర్నమ్మ ఏడవలేదు. మొహం మీద కొంగు కప్పుకుని కాసేపు కూర్చుంది. కొంగు తీసేసరికి ఆ మొహంలో అరవయ్యేళ్ళలో కనీసం ఇరవై తగ్గిపోయాయి. దొంగలను పట్టే పెట్టె చేశాననుకున్నాను ఇన్నాళ్ళూ, అన్నాడు ప్రభుదాసు తనలో తనే. ఆపైన కాంటీనుకు వెళ్ళి పన్నెండు టీలు పట్టుకొచ్చాడు.

రమణమూర్తి మాత్రం గడియారం చూస్తున్నాడు. కథలు బాగున్నాయి గానీ, ఆ తేదీలు రాసిందెవరో, ఎందుకు రాశారో తెలియకుండా ఏమని పంపుతావని అడిగాడు. అక్కడ వీళ్ళను దిగనివ్వకపోతే పోయేది నీ ఉద్యోగమని కూడా చెప్పాడు. ఆయన చెడ్డవాడు కాదు, ఆమెకు మేలు కోరే చెప్పాడు.

రాసిందెవరో అరుంధతికి తెలుసు. ఆ పేరు ఆమె రాయలేదు. పన్నెండు గడుల్లోనూ చివర ఒకే వాక్యం రాసింది: "ఈ తేడా బడిలో చేర్చేనాటి ఆచారం వల్ల వచ్చింది, ఈ పాస్‌పోర్టులోని మనిషి వీరేనని నాకు తెలుసు." కింద తన పూర్తి పేరుతో సంతకం చేసింది. పన్నెండుసార్లు.

లోపలికి వెళ్తూ వాళ్ళు ఊరుకోలేదు. గాజు తలుపుల అవతల, భద్రతా తనిఖీ దాటిన చోట, గుళ్ళ చప్పుడు ఒకసారి గలగలమని మోగి ఆగింది. ఎవరో కసురుకుని ఉంటారు.

*

శనివారం పొద్దున్న పైడమ్మ గొంతు రికార్డయి ఫోనులో వచ్చింది. వెనక సముద్రం హోరు, జనం ఈలలు. అరుంధతి అది గట్టిగా పెట్టి తండ్రికి వినిపించింది. అక్కడి అధికారి పన్నెండు కారణాలనూ మరొకరి చేత చదివించుకుని, కూర్చుని మరీ విన్నాడట. విని ఎర్నమ్మను తలెత్తి చూశాడట. ముద్రలు వేసేశాడట. రాత్రి ఆటకు జనం విరగబడ్డారనీ, సన్యాసమ్మ గుళ్ళు తనే మోస్తున్నాననీ పైడమ్మ చెప్పింది. చివర్న, ఎర్నమ్మ మాటలు నేర్చీసినాది పాపా, నోరు మూయడం నేదు, అంది.

మాస్టారు నవ్వుతూ విన్నారు. ఇంకోసారి పెట్టమన్నారు. రెండోసారి వింటుండగానే ఆఫీసు నుంచి కబురు వచ్చింది. పదింటికి పెద్ద ఆఫీసువాళ్ళు వస్తున్నారు. ఆ గడిలో సంతకం పెట్టిన మొదటి మనిషి అరుంధతే గనక, మెచ్చుకోవడానికో మందలించడానికో వాళ్ళకే ఇంకా తెలియదట. ఒక ప్రశ్న మాత్రం ఖాయంగా అడుగుతారనీ, జవాబు లేకపోతే మాత్రం కష్టమనీ రమణమూర్తి హెచ్చరించాడు. ఆ తేదీలు రాసిందెవరు?

"ఏమంటావు?" అన్నారు మాస్టారు.

"తెలియదంటాను. నా సంతకం ఉంది, నేను చూసుకుంటాను. మీకు మాట ఇచ్చాను కదా నాన్నా."

మాస్టారు తలెత్తి ఆమె వైపు చూశారు. రిజిస్టరు చంకన పెట్టుకుని మండలాఫీసుకు నడిచిన మనిషి కళ్ళవి. లేచి తన గదిలోకి వెళ్ళారు. ట్రంకుపెట్టె గొళ్ళెం చప్పుడైంది. కాసేపటికి ఉతికిన పంచె కట్టుకుని, లాల్చీ గుండీలు పైదాకా పెట్టుకుని, చేతిలో అట్ట చిరిగిన పొడుగాటి పుస్తకంతో బయటికి వచ్చారు. అరుంధతి ఎప్పుడూ చూడని పుస్తకం. ఆయన దాన్ని ఆమె ముందు టేబులు మీద పెట్టి, మధ్యలో ఒక పేజీ తెరిచారు.

వరసగా ఆడపిల్లల పేర్లు. ప్రతి పేరు పక్కనా సిరాతో జూన్ ఒకటి. దాని పక్కన పెన్సిలుతో, సన్నటి అక్షరాల్లో, తల్లులు చెప్పింది చెప్పినట్టే: ఉలవలు కోసిన వారంలో, మంగళవారం. పోలేరమ్మ పండగ ముందు రోజు, కోడి కూసే వేళ. నువ్వులు ఆరబోసినప్పుడు, మబ్బు పట్టి. పేజీ తిప్పితే ఇంకో పేజీ. మూడు వందల పైచిలుకు పేర్లు. ఒక్క పిల్ల పుట్టుకనూ ఆయన పోగొట్టలేదు.

అరుంధతి తలెత్తింది. మాస్టారు పుస్తకం మూసి, చంకన పెట్టుకుని, గుమ్మం దగ్గర చెప్పులు వేసుకున్నారు. ఎటు వెళ్తున్నా వెళ్ళొస్తానమ్మా అనకుండా గడప దాటని మనిషి, ఆ మాట కూడా అనకుండా తలుపు దగ్గరగా వేసి, మెట్లు దిగి, విమానాశ్రయం బస్సు ఆగే వైపు నడిచి వెళ్ళిపోయారు.